పాలమెట్ట బస్టాండులో కొత్త వెర్షన్ ప్రారంభోత్సవం

సన్నాయి కూర్మయ్య పాలమెట్ట బస్టాండులో అడుగు పెట్టేసరికి గెడ్డవలస బస్సు తన చోట తాను నిలబడే ఉంది. డ్రైవరు త్రినాథ సీట్లో ఉన్నాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం కూడా ముగించాడు. అది చూశాక కూర్మయ్య ప్రాణం కుదుటపడింది.

రాత్రంతా పాలమెట్టలో ఎవరిదో పెళ్లికి ఊది, పొద్దున అప్పగింతల దాకా ఉండి, డోలు అప్పన్నను సగం నిద్రలోనే నడిపించుకుంటూ వచ్చాడతను. సాయంత్రం గోధూళి వేళకు గెడ్డవలసలో అక్క కూతురు రాజేశ్వరి పెళ్లి. అక్కడికి అతను ఊదడానికి మాత్రమే వెళ్లడం లేదు. పెళ్లికూతుర్ని వెదురుగంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావలసింది మేనమామ, ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక మేనమామ కూర్మయ్య. రాజేశ్వరి చిన్నప్పటి నుంచి పండక్కొచ్చినప్పుడల్లా అతని వీపు మీదికెక్కి, "మావా, ఇంకా మొయ్యగలవా?" అని అడిగేది. మొయ్యగలనని చెప్పీ చెప్పీ ఇన్నేళ్లు గడిచాయి. తీరా మోయవలసిన రోజు ఈ రోజే.

ఇద్దరూ బస్సెక్కి కూర్చున్నారు. సన్నాయి ఒళ్లో, డోలు కాళ్ల దగ్గర. బస్సు కదల్లేదు.

"ఏటి త్రినాథా, బండి తియ్యవేటి?" అన్నాడు కూర్మయ్య.

"బండి లేదు మావా," అన్నాడు త్రినాథ స్టీరింగు మీద గెడ్డం ఆనించుకుని.

"మరి మనం కూకున్నదేటి?"

"కూకున్నది బస్సే. కానీ బోర్డు మీద లేదు కదా."

బోర్డు సంగతి చెప్పాలి. బస్టాండు చూరు కింద పెళ్లిపందిట్లో పరిచే దుప్పటంత తెర ఒకటి కట్టి, ఏ బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో దాని మీద వెలిగేటట్టు ఏర్పాటు చేశారు. అది పెట్టిన సంబరంలో ఊళ్ల పేర్లు రాసిన పాత రంగుబోర్డులు పీకేశారు, మైకు సామాన్ల గదిలో పడేశారు, పైనుంచి ఒక ఉత్తర్వు కూడా తెప్పించారు. "ప్రయాణికుల సౌకర్యార్థం, డిజిటల్ సూచికా ఫలకముపై దర్శనమివ్వని ఏ బస్సునూ సదరు బస్టాండునందు ఉన్నట్లుగా పరిగణించరాదు" అని అందులో ఉంది. ఒకసారి కరెంటు పోయినప్పుడు పాపం ఒక డ్రైవరు అలవాటు కొద్దీ బస్సు తీసుకుపోయాడు. లేని బస్సును ప్రయాణికులతో సహా అక్రమంగా తరలించాడని అతన్ని పక్కన పెట్టారు. అప్పట్నించి పాలమెట్టలో ఎవరూ కళ్లను నమ్మడం లేదు, బోర్డును నమ్ముతున్నారు.

ఆ పొద్దున ఆ బోర్డు మీద ఊళ్ల పేర్లేవీ లేవు. నడిమధ్య తెల్లటి డబ్బా ఒకటి వచ్చి కూర్చుంది. "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఇన్‌స్టాల్ చేయాలా?" అని అందులో రాసి, కింద రెండు బటన్లు: ఇప్పుడే, తర్వాత. బోర్డు కింద నిలబెట్టిన విచారణ యంత్రం తెర మీద కూడా అదే డబ్బా. అక్కడ వేలితో తాకితే పైన బోర్డు వింటుంది.

బస్టాండు కంట్రోలరు దాలినాయుడు మంచి మనిషే. పొద్దున్నే "తర్వాత" నొక్కేద్దామని వేలు ఎత్తాడు కూడా. ఎత్తిన వేలు గాల్లో ఉండగా, ఇన్నేళ్ల ఉద్యోగం గుర్తొచ్చి ఆగాడు. అడక్కుండా చేసిన మంచిపనికి మెమో వస్తుంది, అడిగి చేసిన చెడ్డపనికి రాదు. అందుకని డివిజనల్ అధికారి వాచస్పతిరావుగారికి ఫోను చేశాడు.

"ముట్టుకోకండి," అన్నారు వాచస్పతిరావుగారు. "అందులో ఏమున్నదో అక్షరం పొల్లుపోకుండా చదవండి."

"కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని ఉందండి."

అవతల కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. "కొత్తది అన్నారా?"

"అదే అంటున్నాదండి."

"నేను వస్తున్నాను. వేలు దించండి."

ఆ డివిజన్‌లో కొత్తది ఏదీ ప్రారంభోత్సవం లేకుండా మొదలవదు. అది వాచస్పతిరావుగారు ప్రాణంగా పాటించే నియమం. చలివేంద్రానికి రిబ్బను కట్టించారు. మరుగుదొడ్డికి తలుపు మారిస్తే కొబ్బరికాయ కొట్టించారు. బస్టాండులో ఒక బెంచీకి చెక్క విరిగి కొత్త చెక్క వేసినప్పుడు, శాసనసభ్యుడొచ్చి దాని మీద మొదట కూర్చునేదాకా ముసలివాళ్లను కూడా నేల మీదే కూర్చోబెట్టారు. అలాంటి మనిషి తన హయాంలో సాక్షాత్తూ వెర్షనే కొత్తది వస్తూంటే ఊరుకుంటారా. జీపు దిగుతూనే కళ్లద్దాలు సవరించుకుని డబ్బాను పైనుంచి కిందిదాకా చూశారు.

"గౌరవనీయ మంత్రివర్యులు ఈనాడు పక్క మండలమందు కల్వర్టు ప్రారంభోత్సవం నిమిత్తం విచ్చేసి ఉన్నారు. తిరుగుప్రయాణంలో వారి అమృతహస్తాల మీదుగా ఈ బటనును నొక్కించెదము. అంతవరకు దీనిని ఏ అల్పప్రాణియూ స్పృశించరాదు," అన్నారు.

యంత్రం చుట్టూ తాడు కట్టారు. లాఠీతో ఒక కాపలావాణ్ణి నిలబెట్టారు. మంత్రిగారి రాక కోసమని పోలీసులు వచ్చి ఆటోలు, జీపులు అన్నీ ఊరవతలకి తోలేశారు. దాంతో బస్సు కాక కూర్మయ్యకు ఉన్న ఇంకో దారీ పోయింది.

కూర్మయ్య దిగి వచ్చి చేతులు జోడించాడు. "బాబూ, మేనకోడలి పెళ్లి. నాను గంప మొయ్యకపోతే పిల్ల పీటల మీదకి రాదు. అదిగో బస్సు, అడుగో డ్రైవరు. ఒక్క బండిని ఒదిలెయ్యండి, పున్నెముంటాది."

"ఎక్కడుంది బస్సు?" అన్నారు వాచస్పతిరావుగారు నిజంగానే అర్థంకానట్టు.

"ఎదురుగానే ఉన్నాది కదండి."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. సంస్థకు సంబంధించినంతవరకు అక్కడ ఖాళీ స్థలం ఉన్నది," అని ఆయన పక్కకు తిరిగారు.

తిరిగినవారు మళ్లీ ఇటు తిరిగారు. కూర్మయ్య సంచిలోంచి సన్నాయి బయటికి కనబడుతోంది. వాచస్పతిరావుగారి ముఖం వెలిగిపోయింది. "మంగళవాద్యం! దైవికంగా లభించింది. దాలినాయుడూ, ఈయనను కార్యక్రమంలో చేర్చుకో."

"నాను పెళ్లికి ఎల్లాల బాబూ," అన్నాడు కూర్మయ్య.

"మీరు వాయించనిదే ప్రారంభం లేదు. ప్రారంభం లేనిదే బోర్డు లేదు. బోర్డు లేనిదే బస్సు లేదు. బస్సు లేనిదే మీకు పెళ్లి లేదు. కాబట్టి మీరు మీ మేనకోడలి కోసమే వాయిస్తున్నారు," అన్నారాయన. ఎంత వెతికినా కూర్మయ్యకు అందులో తప్పు కనిపించలేదు. కడుపు మండిపోయింది, అంతే.

మధ్యాహ్నానికి షామియానా లేచింది. అరటిచెట్లు కట్టారు. డబ్బా బొమ్మ పక్కన మంత్రిగారి బొమ్మ వేసి పెద్ద ఫ్లెక్సీ తెచ్చి కట్టారు. ఈలోగా వచ్చే బస్సులు వస్తూనే ఉన్నాయి. అవి కూడా బోర్డు మీద పడలేదు కాబట్టి రానట్టే లెక్క. రాని బస్సులోంచి మనుషులు ఎలా దిగుతారని వాచస్పతిరావుగారు తలుపులు వేయించారు. జనం కిటికీల్లోంచి చేతులు చాచి వేరుశెనక్కాయలు కొనుక్కుంటూ, కింద నిలబడ్డ చుట్టాలతో క్షేమసమాచారాలు చెప్పుకుంటున్నారు. అత్తగారిని ఎక్కించుకు వెళ్లడానికొచ్చిన ఒకాయన, ఆవిడ ఇంకా రాలేదని సంస్థ చెబుతున్నందుకు లోలోపల సంతోషిస్తూ నిలబడ్డాడు.

అంతలో ఒక ఈగ వచ్చింది. యంత్రం తెర మీద రెండు చుట్లు తిరిగి, సరిగ్గా "ఇప్పుడే" అన్న బటనుకు బెత్తెడు దూరంలో వాలింది.

"మంత్రిగారి కంటే ముందు ఈగ ప్రారంభిస్తే నా ఉద్యోగమేం కావాలి?" అన్నారు వాచస్పతిరావుగారు.

కాపలావాడు లాఠీ ఎత్తాడు. "లాఠీ తగిలినా నొక్కుడే సార్," అని దాలినాయుడు ఆపాడు. ఊదితే కదులుతుందేమోనని ఒకరన్నారు, ఎటు కదులుతుందో ఎవరు చెప్పగలరని ఇంకొకరన్నారు. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఈగ చేతులు రెండూ రుద్దుకుంది, ఎటూ తేల్చుకోలేక, చివరికి తర్వాత చూద్దామనుకుందేమో, లేచి వేరుశెనక్కాయల బండి మీదికి పోయింది. ఆ తర్వాత ఇద్దరు మనుషులు తాటాకు విసనకర్రలతో యంత్రానికి విసురుతూ నిలబడ్డారు. వాళ్లిద్దరూ టిక్కెట్లు రద్దు చేసే కౌంటరు వాళ్లు కావడంతో, లేని బస్సులకు కొన్న టిక్కెట్లు వెనక్కివ్వడం కూడా ఆగిపోయింది.

బోర్డు పెట్టిన కంపెనీ ఇంజనీరు ఫోనులో దొరికాడు. "సార్, ఇది వారం వారం వస్తూనే ఉంటుంది. ఏదో ఒకటి నొక్కేయండి, పోతుంది," అన్నాడు పాపం కుర్రవాడు.

"వారం వారమా!" వాచస్పతిరావుగారి కళ్లు చెమర్చాయి. "దాలినాయుడూ, సంవత్సరం పొడుగునా మంత్రిగారి తేదీలు ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి. షామియానా విప్పించకు, ఉండనీ."

ఇక మేళం సంగతి తేల్చుకోవాలి. "పెళ్లికైతే ఒకటి, గుళ్లో అయితే ఒకటి. దీనికేటి వాయించాల బాబూ?" అని అడిగాడు కూర్మయ్య.

"ఇది ఒక విధంగా గృహప్రవేశం," అన్నారు వాచస్పతిరావుగారు ఆలోచించి. "పాత వెర్షన్ నిష్క్రమిస్తుంది, కొత్త వెర్షన్ ప్రవేశిస్తుంది."

అప్పన్న అప్పుడే నిద్ర లేచాడు. "పాతది పోతాదంటే, మరి ఆ పోయినదానికి దినం కూడా మీరే సేస్తారా?" అన్నాడు. వాచస్పతిరావుగారు ఈ అంశం పరిశీలించవలసిందేనని తల పంకించారు.

అక్క సింహాచలమ్మ ఫోను చేసింది. "ఒరే తమ్ముడూ, ఎక్కడున్నావురా? పిల్ల ముస్తాబైపోయి గంప పక్కన కూకున్నాది. మావొచ్చాడా మావొచ్చాడా అని అడగతన్నాది. ఆళ్ల పెదనాన్న మోస్తాన్లే అంటే ఏడుపు ఎత్తుకున్నాది."

"ఒచ్చేస్తనక్కా. బస్సులోనే ఉన్నాను," అన్నాడు కూర్మయ్య.

"బయల్దేరిందేటి?"

బస్సే లేదంటే అక్క నమ్మదు. కూర్మయ్య ఫోను పెట్టేశాడు. ఒక పిల్ల పెళ్లిని తెల్లడబ్బా ఒకటి ఆపుతోందంటే, అడ్డొచ్చినవాణ్ణి తిట్టడానికైనా లేదు, ఎవడూ అడ్డు రాలేదు మరి. అందరూ కుర్చీలు వేస్తున్నారు, పూలు కడుతున్నారు, అందరూ పనిలోనే ఉన్నారు.

మంత్రిగారు ఎండ పల్చబడ్డాక వచ్చారు. కల్వర్టు దగ్గర వేసిన దండ ఇంకా మెడలోనే ఉంది. కూర్మయ్య ఊదాడు, అప్పన్న డోలు అందుకున్నాడు. వాచస్పతిరావుగారు "ఈ సువర్ణ ఘట్టము" అని మొదలుపెట్టి చాలా ఘట్టాలు దాటి కూర్చున్నారు. మంత్రిగారు యంత్రం ముందుకు నడిచారు. కెమెరాలన్నీ ముందుకొచ్చాయి. ఆయన వేలు ఎత్తి, ఎందుకో ఆగి, వాచస్పతిరావుగారి చెవి దగ్గరకు వంగారు.

"ఇది నొక్కితే ఏమవుతుంది?"

"కొత్త వెర్షన్ ఆవిర్భవిస్తుందండి. ఆవిర్భావానికి ముందు కొంతసేపు బోర్డు పూర్తిగా నల్లబడుతుందట."

"ఎంతసేపు?"

"ఇంజనీరుగారికి కూడా ఇదమిత్థంగా తెలియదండి."

మంత్రిగారు వేలు వెనక్కి తీశారు. తాను తాకగానే బోర్డు నల్లబడి, ఆ నల్లబోర్డు పక్కన తాను నిలబడ్డ ఫొటో రేపు పేపర్లో ఎలా ఉంటుందో ఆయనకు వెంటనే కళ్లకు కట్టింది. ఎన్నో ఎన్నికలు చూసిన మనిషి. మైకు తీసుకుని, "మా ప్రభుత్వం ఏ పనీ తొందరపడి చేయదు. ప్రజాభిప్రాయం సేకరించి మరీ చేస్తుంది," అని "తర్వాత" నొక్కేశారు.

డబ్బా మాయమైంది. బోర్డంతా ఒక్కసారి వెలిగింది. ఊళ్ల పేర్లన్నీ వరసగా, పొద్దున్నుంచి ఏమీ జరగనట్టు, కిందికి జారాయి. జనం కేరింతలు కొట్టారు. దాలినాయుడు నోట్లో ఈల పెట్టుకుని ఊపిరంతా పోసి ఊదాడు. తలుపులు తెరుచుకున్నాయి, దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. త్రినాథ బస్సు స్టార్టు చేశాడు. మళ్లీ డబ్బా వచ్చేలోగా గేటు దాటకపోతే ఇక ఇంతే సంగతులని డ్రైవర్లందరికీ తెలుసు.

కూర్మయ్య సన్నాయి దించబోయాడు. వాచస్పతిరావుగారు గుడ్లురిమారు. "మంత్రిగారు వాహనమెక్కేదాకా మేళం ఆగరాదు. ఆపితే అపశకునం, పైగా ప్రోటోకాల్ ఉల్లంఘన."

మంత్రిగారు ఇప్పట్లో వాహనమెక్కే సూచనలేవీ లేవు. దండలు ఇంకా పడుతూనే ఉన్నాయి. బస్సు చూస్తే వెనక్కి జరిగి రోడ్డు వైపు మొహం తిప్పుకుంటోంది. ఊదడం ఆపకూడదు, సరే. నడవకూడదని మాత్రం ఎవరూ అనలేదు. కూర్మయ్య ఊదుతూనే వేదిక దిగాడు. అప్పన్నా డోలు వాయిస్తూ వెనకే దిగాడు.

మేళం కదిలితే దాని వెనక నడవడం మన రక్తంలోనే ఉంది. పెళ్లికొడుకైనా, ఊరేగే దేవుడైనా, మంత్రి అయినా మేళం ఎటు పోతే అటే. దండలతో నిలబడ్డ మంత్రిగారు మేళం కదలడం చూసి చేతులు జోడించి వెనకే నడిచారు. ఆయన వెనక అనుచరులు, వాళ్ల వెనక కెమెరాలు, అందరికీ వెనక వాచస్పతిరావుగారు పరుగున. కూర్మయ్య ఊదుతూనే బస్సు మెట్లెక్కాడు. మంత్రిగారూ ఎక్కేశారు. ముందు సీటు ఖాళీ చేసి ఎవరో చెయ్యి చూపిస్తే నవ్వుతూ కూర్చున్నారు. వాచస్పతిరావుగారు కాలు లోపల పెట్టగానే కండక్టరు రెండు ఈలలు వేశాడు.

గేటు దాటాక మంత్రిగారు కిటికీలోంచి చూసి, "ఇదెక్కడికయ్యా?" అన్నారు.

"గెడ్డవలస బాబూ. మా మేనకోడలి పెళ్లికి," అన్నాడు కూర్మయ్య సన్నాయి తుడుచుకుంటూ.

మంత్రిగారు వాచస్పతిరావుగారి వైపు తిరిగారు. "ఇది మన కార్యక్రమంలో ఉందా?"

వాచస్పతిరావుగారు తన సర్వీసులో మంత్రులకు లేదు అన్న మాట చెప్పి ఎరుగరు. "ఉందండి," అన్నారు తనకే మింగుడుపడకపోయినా. వెనకాల రావలసిన మంత్రిగారి కార్లు బస్టాండు గేటులో బస్సుల మధ్య ఎక్కడో చిక్కుకున్నాయి.

గెడ్డవలస చేరేసరికి ఎండ దిగిపోయి, పశువులు ఇళ్లకు వస్తున్నాయి. సింహాచలమ్మ వీధి మొగలోనే నిలబడి ఉంది. తమ్ముణ్ణి చూసి ఏడవబోయి, వెనక దిగిన మంత్రిగారిని చూసి ఆగిపోయి, "ఈళ్లెవర్రా?" అంది.

"మావోళ్లే. ముందు గంప ఎక్కడ?"

రాజేశ్వరి గంప పక్కనే పీట మీద కూర్చుని ఉంది. కాటుక చెదిరిపోయింది. మేనమామను చూడగానే లేచి వచ్చి గంపలో కూర్చుంది. కూర్మయ్య సన్నాయి అప్పన్నకిచ్చి గంప ఎత్తాడు. నిజం చెప్పాలంటే పిల్ల బరువే. నిద్ర లేని ఒళ్లు, పొద్దున్నుంచి గాలి పోసీ పోసీ ఎండిన రొమ్ము. రెండోవైపు పట్టినవాళ్లు "బరువేటి, మార్చుకుందామా" అంటే ఒప్పుకోలేదు.

"మావా, మొయ్యగలవా?" అంది రాజేశ్వరి గంపలోంచి మెల్లగా.

"కూకో," అన్నాడు కూర్మయ్య. ఆ క్షణాన అతనికున్న సంతోషం ముందు ఆ రోజంతా పడ్డ పాట్లు ఏ మూలకీ రావు.

సన్నాయి లేకుండా, ఒంటి డోలు మీదనే పిల్ల పీటల దగ్గరకు వచ్చింది. గంప దించాక అతను సన్నాయి అందుకున్నాడు. తాళి కట్టేటప్పుడు ఎంత గట్టిగా ఊదాడంటే, వాచస్పతిరావుగారు అక్షింతలు వేయడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డారు. మంత్రిగారు మాత్రం మరవలేదు, ఈ విషయంలో ఆయనకు మంచి అలవాటుంది.

భోజనాల దగ్గర వాచస్పతిరావుగారి ఫోను మోగింది. దాలినాయుడు. ఆయన ఒక చెయ్యి ఆకు మీదే ఉంచి విన్నారు, విని మంత్రిగారి దగ్గరకు వంగారు.

"సార్, డబ్బా పునర్దర్శనమిచ్చిందట. బస్సులు మళ్లీ లేకుండా పోయినవి. మన కార్లు కూడా గేటులోనే ఉండిపోయినవి. తమరు తిరిగి విచ్చేసి బటన్ నొక్కవలసి ఉన్నది. రేపటికి షామియానా సిద్ధంగానే ఉన్నది, ముహూర్తం చూపించమన్నారా?"

మంత్రిగారు నోట్లో బూరె ఉండగానే విసుక్కున్నారు. "ఎవరో ఒకరు నొక్కిపారేయండయ్యా. అదేమన్నా పెళ్లా, ముహూర్తం చూడ్డానికి?"

వాచస్పతిరావుగారు ఆ మాటను కళ్లు మూసుకుని మనసులో నాటుకున్నారు. పక్కకు వెళ్లి ఫోనులో చెప్పారు. "దాలినాయుడూ, మంత్రివర్యులు ఎవరో ఒకరు నొక్కవలెనని ఆదేశించి ఉన్నారు. సదరు వ్యక్తి ఎవరన్నది నిర్ణయించుటకు వచ్చే వారం ఒక సంఘం సమావేశమగును. అంతవరకు మరెవ్వరూ ముట్టరాదు. కాపలా పెంచు."

వడ్డిస్తున్న సింహాచలమ్మ ఈ మాటలన్నీ విని, బూరెల పళ్లెంతోనే తమ్ముడి దగ్గరకొచ్చింది. "ఒరే, రేపు పొద్దున్న పిల్లని అత్తోరింటికి పంపాల. పాలమెట్టలో బస్సు మారాల కదరా. ఎలగెల్తాది?"

కూర్మయ్య బంతిలో కూర్చున్న మంత్రిగారిని కాసేపు చూశాడు. ఆయన ఇంకో అప్పడం అడుగుతున్నారు.

"ఆయనకి ఇంకో రెండు బూరెలెయ్యక్కా," అన్నాడు. "మంచం మీద మెత్తటి పరుపు కూడా ఎయ్యించు. పొద్దున్న పిల్లతో పాటు ఈయన్నీ బస్సెక్కించి ఆ డబ్బా కాడికి తీసుకెల్తాను, ముందు మేళం ఎట్టి."